మైకు కట్టేశాక మిగిలిన గొంతు

మా ఆయన గొంతు మీరు వినే ఉంటారు. సింగరాయకొండ నుంచి పొదిలి దాకా ఏ తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టినా మైకు ముందు ఆయనే ఉండాలి. జత బండను కదిలించిన దగ్గర్నుంచి విజిల్ వేసేదాకా ఆగకుండా చెప్పేవాడు. కుడి గిత్త మోకాలు వంచిందనీ, ఎడమది మెడ సాచిందనీ, ఇంక రెండు నిమిషాలే ఉందనీ. వెనక వరసలో ఎడ్లు కనపడనివాళ్ళు కూడా ఆ గొంతు పట్టుకునే పోటీ చూసేవాళ్ళట.

ఆయన పోయి రెండేళ్ళవుతోంది. ఇప్పటికీ బస్సెక్కితే పక్క సీటులో ఎవరో ఒకరు ఫోన్లో ఆయన కామెంటరీ పెట్టుకుని వింటూ ఉంటారు. నా మొగుడి గొంతు వేరేవాళ్ళ చేతిలో మోగుతుంటే నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చోవాలి. నాకు కుళ్ళు. ఇంతకంటే మర్యాదైన మాట దొరికితే అదే రాసేదాన్ని.

ఈ కుళ్ళు ఇప్పటిది కాదు. పోటీల రోజులూ మిరప కోతల రోజులూ ఒకేసారి వస్తాయి. కల్లంలో కాయలు ఆరబోస్తే ఆ ఘాటుకు గొంతు పట్టేస్తుందని ఆయన అటు తొంగి కూడా చూసేవాడు కాదు. కూలీలను పిలుచుకోవడం, కాయలు తిరగెయ్యడం, తాలు కాయలు ఏరించడం, మబ్బు పడితే పట్టాలు కప్పడం, అన్నీ నేనే. ఆయనేమో అరుగు మీద కూర్చుని బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని మౌనం పాటించేవాడు. పోటీకి రెండు రోజుల ముందు నుంచి ఇంట్లో మాట బంద్. ఒక చప్పట కొడితే మంచినీళ్ళు, రెండు కొడితే మిరియాల పాలు. 

"నాతో ఒక్క మాట మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అని ఎన్నిసార్లు అరిచానో. గొంతు వైపు వేలు చూపించి నవ్వేవాడు. ఒళ్ళు మండిపోయేది.

ఏ గిత్త ఏ ఆవు కడుపున పుట్టిందో, దాని తాత ఏ ఊళ్ళో ఎంత దూరం లాగిందో గడగడా చెప్పే మనిషి, మా రెండో పిల్ల ఏ క్లాసు చదువుతోందని ఎవరన్నా అడిగితే నా మొహం చూసేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు, "మీకేమండీ, రోజంతా ఆ గొంతు వింటూ కూర్చోవచ్చు" అనేవాళ్ళు. కడుపు మండి వాళ్ళ చేతికి చేట ఇచ్చి కాయలు చెరగమనేదాన్ని. ఆయన మాట్లాడే మైదానానికి నేను ఒక్కసారి కూడా పోలేదు. పోయి ఏం చూడను, ఆ మైకు సవతి వైభోగమా?

నాకు దక్కింది ఒక్క మాట. పోటీ ముగించుకుని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గుమ్మంలో ఆగి, అరిగిపోయిన గొంతుతో, పక్కనుంటే తప్ప వినపడనంత మెల్లగా అడిగేవాడు. 

"తిన్నావా?"

తినకుండా ఆయన కోసం కూర్చున్న రోజున కూడా "ఆ, తిన్నాలే" అని విసురుగా అనేదాన్ని. అంతలేసి మాటలు ఊళ్ళకు పంచిపెట్టి నాకు అడుగంటు తెస్తాడా అని ఉక్రోషం. కానీ లోపల ఒక గర్వం కూడా ఉండేది. ఆ మైకు గొంతు అందరిదీ. ఈ గొంతు మాత్రం నా ఒక్కదానిదే. ఇది ఎవరి చెవినా పడలేదు, ఎవరి ఫోన్లోనూ లేదు.

ఆయన పోయాక నన్ను భయపెట్టింది కూడా అదే. ఎక్కడ చూసినా మైకు గొంతే మోగుతుంటే, నాదనుకున్న ఆ మెల్లని గొంతు నాకు గుర్తు రావడం తగ్గిపోయింది. కళ్ళు మూసుకుని ఆ "తిన్నావా" వినాలని చూస్తే, "తిన్నావా" అని మైదానమంతా మోగేటట్టు వినపడేది. ఉన్న ఒక్కటీ వాళ్ళే లాక్కున్నారని ఏడుపొచ్చేది.

ఈ ఏడు పొదిలి దగ్గర పోటీలకు కమిటీ పెద్ద వచ్చి పిలిచాడు. "అన్నగారి గొంతుతోనే మొదలుపెడతాం వదినా. మీరు రాకపోతే ఎట్టా?" అన్నాడు. వద్దనాలనుకుంటూనే సరేనన్నాను.

వేదిక మీద నాకు శాలువా కప్పారు. నా పక్క కుర్చీలో నా ఈడుదే ఒకామె, అప్పటికే కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. మొగుడు పోయాక తనే ఎడ్లను సాకి పోటీలకు తెస్తున్న మనిషట. ఈవిడకెందుకు ఇంత ఏడుపు అనుకున్నాను. నాకు రాని ఏడుపు ఆమెకు రావడం నచ్చలేదు.

"అందరికీ తెలిసిన ముక్కే వేస్తున్నాం" అని కమిటీ పెద్ద సైగ చేశాడు. మైకులో ఆయన గొంతు లేచింది. ఎవరిదో జత సగంలో ఆగిపోయిందంటున్నాడు. ఎంత అదిలించినా కదలడం లేదట. విజిల్ పడింది. అయినా రికార్డింగు ఆగలేదు. ఆరోజు ఆయన మైకు కట్టెయ్యడం మరిచిపోయాడని అర్థమైంది. కరక్కాయ నమిలిన చప్పుడు. ఎవరో దగ్గరికొచ్చిన అలికిడి. అప్పుడు, అరిగిపోయిన గొంతుతో, మెల్లగా.

"తిన్నావా?"

"లేదన్నా" అంది ఒక ఆడగొంతు. వెంటనే ఏడుపు.

పక్క కుర్చీ ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆరోజు ఓడిపోయింది నా జతేనమ్మా. అందరూ ఎడ్లకేమైందని అడిగారు. అన్నొక్కడే నన్నడిగాడు" అంది.

నా గుండె భగ్గుమంది. నాదనుకున్న ఒక్క మాటా ఈమెకు ఇచ్చాడు. అదీ మైదానమంతా వింటుండగా. వాళ్ళందరి ఫోన్లలో అది ఎన్నాళ్ళ నుంచో ఉంది. లేనిదల్లా నా దగ్గరే. ఆమె చేతిలోంచి నా చెయ్యి లాగేసుకున్నాను.

లేచి వెళ్ళిపోదామనే అనుకున్నాను. కానీ అది ఆ గొంతే. గుమ్మంలో ఆగి అడిగిన గొంతే, రవ్వంత కూడా తేడా లేదు. 

"మళ్ళీ వెయ్యండి" అన్నాను కమిటీ పెద్దతో.

మళ్ళీ వేశాడు. బండ ఆగింది, విజిల్ పడింది, కరక్కాయ చప్పుడైంది. నేను కుర్చీ అంచుకు జరిగాను. 

"తిన్నావా?"

ఆమె జవాబు చెప్పేలోపే నేను చెప్పేశాను, వేదిక మీద అందరికీ వినపడేటట్టు. 

"ఇంకా లేదండీ."