మూత పెట్టని అన్నం బుట్ట

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేంత తీరికా లేదు. సింగపూర్‌లో ఓ మూల సెంగ్‌కాంగ్‌లో ఫ్లాటు, ఇంకో మూల వన్-నార్త్‌లో ఉద్యోగం, మధ్యలో నిలబడి చేసే రైలు ప్రయాణం. కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. ఇందులో తెలివితక్కువ పని ఏ దయ్యమూ చెయ్యలేదు. నేనే చేశాను, అదీ తెలివైన పని అనుకుంటూ.

అమ్మాయి మేఘన సెలవులకి, నేనూ నా భార్య సుధా దాన్ని తీసుకుని లావోస్ ఉత్తరాన తాయ్ తెగవాళ్ళ పల్లె ఒకదానికి వెళ్ళాం. గుంజల మీద కట్టిన ఇంట్లో బస. ఆ ఇంటి పెద్దావిడను మామ్మగారు అని పిలిచేవాళ్ళం. బున్మీ అనే గైడు ఆవిడ మాట మాకూ, మా మాట ఆవిడకీ అందించేవాడు.

భోజనం చాప మీద. అరిటాకులో కాల్చిన చేప, నిప్పుల మీద కాల్చిన మిరపకాయలు దంచిన పచ్చడి, ఏటి నాచు వేపుడు. ఒక్కొక్కరి ముందూ చిన్న వెదురు బుట్టలో జిగురన్నం. చేత్తో ముద్ద చేసి పచ్చడిలో అద్దుకోవడమే. చెంచా అక్కర్లేని భోజనం దొరికిందని నా కుడిచెయ్యి పండగ చేసుకుంది. ఉడికించిన పేము చిగుళ్ళు మాత్రం గొంతు దిగలేదు. కాకరకాయ పేరు చెబితేనే పారిపోయేవాణ్ణి, ఇవి దాని పెద్దన్నలు. నా మొహం చూసి మామ్మగారు పళ్ళు లేని నోటితో నవ్వారు.

తిన్నాక ఎవరి బుట్టకు వాళ్ళు మూత పెట్టాలి. అది అక్కడి పద్ధతి. వేడన్నం మీద మూత పెడితే ఆవిరి పట్టి పాచిపోతుందని నేను చిన్నప్పటినుంచీ విన్నమాట. అందుకని బయల్దేరే రోజు, వాళ్ళకేదో మేలు చేస్తున్నట్టు, పెట్టిన మూత తీసి మరీ పక్కన పెట్టాను.

"పెట్టెయ్యండి సార్," అన్నాడు బున్మీ. "లేకపోతే మీ ప్రాణం ఇంకా భోజనం కాలేదనుకుని ఇక్కడే కూర్చుంటుంది."

మనిషికి ఒకటి కాదు, చాలా ప్రాణాలుంటాయట. వాటిలో ఒకటి ఎక్కడైనా మిగిలిపోవచ్చట.

"కూర్చోనీ. మిగతావి ఆఫీసుకి వెళ్తాయి," అని బస్సెక్కాను.

సింగపూర్ వచ్చాక నాకు ఆకలి వెయ్యలేదు. రుచి తెలియలేదు. ఆవకాయ తింటే ఎర్రగా ఉందని కంటికి తెలిసింది, అంతే. క్లినిక్‌లో ముక్కు, నాలుక, రక్తం అన్నీ చూసి బాగున్నాయన్నారు.

దిగులు కూడా లేదు. సుధ భయపడింది దానికే. స్కూల్లో మేఘన పాటకి అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. చేతులు మోగాయి. లోపల ఏమీ మోగలేదు. పిల్ల నా మొహం చూసింది. ఆ తర్వాత ఇంట్లో పాడటం మానేసింది.

చిత్రమేమిటంటే, తినకుండానే ఒళ్ళు చేశాను. బెల్టుకి ఇంకో రంధ్రం పొడవాల్సి వచ్చింది. బయట తినేసి వస్తున్నానని సుధ అనుమానం. ఒకరోజు మధ్యాహ్నం మీటింగులో వేళ్ళు అంటుకుంటున్నట్టుంటే చూసుకున్నాను. జిగురన్నం మెతుకులు. పొద్దుటినుంచీ ఆ చేత్తో కీబోర్డు తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఇంకోరోజు మేఘన నా చెయ్యి వాసన చూసి, "నాన్నా, ఫిష్ స్మెల్! నన్ను వదిలేసి తిన్నావా?" అంది.

మామ్మగారింటి పందిపిల్లల్ని మళ్ళీ చూస్తానని మేఘన గొడవ చేస్తే, ఒక ఆదివారం సుధ బున్మీకి వీడియో కాల్ చేసింది. మామ్మగారి ఇంట్లోనే ఉన్నాడు. ఆవిడ నన్ను చూడగానే గట్టిగా విసుక్కున్నారు. బున్మీ నవ్వకుండా చెప్పాడు.

"మీ ఇంట్లో అన్నం పెట్టరా అని అడుగుతున్నారు. రోజూ ఇక్కడే తింటున్నారట, ఆవిడే రోజూ బుట్ట నింపి వడ్డించాల్సి వస్తోందట. తిన్నవాళ్ళు మూతైనా పెట్టరట."

ఫోను అటు తిప్పాడు. నేను కూర్చున్న చోటు, నా బుట్ట, పక్కన మూత. అన్నంలో ముద్ద తీసిన గుంట.

"పిల్లి తినుంటుంది," అన్నాను.

"పిల్లి ముద్ద చెయ్యదు సార్."

"మీరే ఆ మూత పెట్టెయ్యండి బాబూ," అంది సుధ. వేరేవాళ్ళు పెడితే చెల్లదట. తిన్నవాడే పెట్టాలట.

మనవాళ్ళు ఆకలికి ఆత్మారాముడని పేరెందుకు పెట్టారో నాకప్పుడు అర్థమైంది. నా ఆత్మారాముడు అక్కడ చాప మీద చేపలు లాగిస్తుంటే, నేనిక్కడ చప్పిడి మనిషినై వాడి పొట్ట మోస్తున్నాను. చాలా రోజుల తర్వాత లోపల ఏదో కదిలింది. కోపమే అనుకుంటాను, చిన్నదే.

"మామ్మగారితో చెప్పు. రేపటినుంచి వాడికి చేప వద్దు, పచ్చడి వద్దు. పేము చిగుళ్ళు పెట్టమను. అవే పెట్టమను."

మామ్మగారు ఎంత నవ్వారంటే ఫోను ఊగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు పక్క హాకర్ సెంటర్‌లో, ముందు చికెన్ రైస్ పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా చెంచా ఎత్తలేదు. నోరంతా ఒక్కసారిగా చేదైపోయింది. పేము చిగుళ్ళ చేదు, అచ్చంగా అదే. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"ఏంటి బ్రో, కారమా?" అన్నాడు ఎదుటి కొలీగ్.

"ఇంకా తినలేదు," అని, తిన్నాను. అన్నంలో అల్లం తెలిసింది.

సాయంత్రం రైల్లో ఉండగా బున్మీ ఫోన్ చేశాడు. మామ్మగారు వంట దగ్గర్నుంచి వచ్చి చూస్తే బుట్టకి మూత పెట్టి ఉందట. లోపల అన్నం నిండుగా ఉందట. పెట్టినవాళ్ళని ఎవరూ చూడలేదట.

 ఇంటికెళ్ళి మేఘనని ఆ పాట మళ్ళీ పాడమన్నాను. బతిమాలించుకుని పాడింది. మధ్యలో రెండుచోట్ల శ్రుతి తప్పింది. తప్పినట్టు నాకు తెలిసింది, మళ్ళీ కళ్ళు తడిశాయి.

భోజనానికి ఏం చెయ్యమంటావని సుధ అడిగింది. కాకరకాయ, అన్నాను. నిజమా అన్నట్టు చూసింది. వండింది. మొహం చిట్లించుకుంటూనే మారు వడ్డించుకున్నాను. అన్నాళ్ళు నన్నొదిలేసి విందులు చేసుకొచ్చినవాడికి ఆ మాత్రం బుద్ధి చెప్పొద్దూ!