నలభై దాటినవాళ్లకు కమలాక్షి కొలతలు

నేను సముద్రపు అలల మీద బోర్డెక్కి నిలబడతానని చెబితే మా ధర్మవరంలో ఎవరూ నమ్మరు. వాళ్లను తప్పుపట్టను. వానాకాలంలో కూడా ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే వీధులు మావి. పైగా నేను ఫిజిక్స్ లెక్చరర్ని. బట్టతల, యాభై మూడేళ్లు, పొట్ట సంగతి తర్వాత చెబుతాను. ఉడుపి దగ్గర కాలేజీలో పనిచేసిన పధ్నాలుగేళ్లలో అబ్బిన సర్ఫింగ్ విద్య అది. సొంతూరికి వచ్చేశాక కూడా ఏడాదికి రెండుసార్లు సెలవుల్లో అక్కడి ముల్కి తీరానికి పోయి ముచ్చట తీర్చుకొని వచ్చేవాణ్ణి.

అట్లాంటి నేను వరుసగా రెండేళ్లు ఒక్క అల మీద కూడా నిలబడలేకపోయాను. బోర్డు మీద బోర్లా పడుకొని, చేతులతో నీళ్లు తోసుకుంటూ అలను అందుకోవాలి. అల ఎత్తగానే చటుక్కున లేచి నిలబడాలి. నా భుజం తోయనంటుంది, నా మోకాలు లేవనంటుంది. నేను లేచేసరికి అల ఒడ్డు చేరి ఉంటుంది. పోయిన మార్చిలో తడిబట్టలతో ఇసుకలో కూర్చొని ఒక నిర్ణయానికి వచ్చాను. దసరా సెలవుల్లో ఇంకొక్కసారి ప్రయత్నిస్తాను, అప్పుడూ నిలబడలేకపోతే ఇక ఈ ఊసు ఎత్తను. ఇంటికొచ్చి మా ఆవిడ సంగీతకు చెప్పాను. మనిషికి ముసలితనం వస్తుందని తెలుసుగానీ అది నన్నే వెతుక్కుంటూ వస్తుందని అనుకోలేదు.

ఆ రోజే ముల్కిలో అరవై ఏళ్ల పెద్దాయన ఒకరు, నా కళ్లముందే, తాపీగా లేచి నిలబడి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. ఒడ్డుకొచ్చాక మాది ధర్మవరమని చెప్పి, ఆ బోర్డు ఎక్కడిదని అడిగాను.

"మీ హిందూపురందే" అన్నారు.

వేళాకోళం అనుకున్నాను. ఆయన ఫోన్ నంబరు ఇచ్చారు. ఆ నంబరు కమలాక్షిది.

హిందూపురం నుంచి పెనుకొండ పోయే దారిలో, రోడ్డు నుంచి కొంచెం లోపలికి, రేకుల షెడ్డు ఒకటుంది. బయట పాత ఫైబర్ ట్యాంకులు రెండు బోర్లించి ఉంటాయి. లోపల నలభై ఏడేళ్ల ఆడమనిషి, చీర మీద మగవాళ్ల చొక్కా, తలకు తువ్వాలు, చేతిలో ఎమరీ పేపరు. ఆమె ఓబులదేవరచెరువు పక్క పల్లెలో పుట్టింది. నాన్న హనుమప్ప గొర్రెల బేరగాడు. జీవం నడుము మీద చెయ్యి పెట్టి ఒకసారి నొక్కి, ఇది ఇన్ని కిలోలని చెబితే కాటా కూడా ఆయన మాటే చెప్పేదట. పదేళ్లకే కూతురికీ ఆ చెయ్యి వచ్చింది. వచ్చినా సంతలో ఆడపిల్ల మాట ఎవరు వింటారు? పెళ్లయి హిందూపురం వచ్చాక నీళ్ల ట్యాంకులు చేసే ఫైబర్ ఫ్యాక్టరీలో చేరింది. పదహారేళ్లు ఆ పనే. గాజునార గుచ్చుకొని చేతులు దురదలు పెట్టి, కొబ్బరినూనె రాసుకొని నిద్రపోయిన కాలం అది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, భర్త తిప్పేస్వామి గూడ్స్ బండి నడుపుతుంటే, ఈమె ఈ షెడ్డు తీసుకొని ట్యాంకులకు మాట్లు వేయడం మొదలుపెట్టింది.

ఒకరోజు బెంగళూరు ఆయన ఒకడు కారు మీద రెండుగా విరిగిన బోర్డు కట్టుకొచ్చి, దీన్ని అతకగలరా అని అడిగాడు. అదేమిటో కూడా ఆమెకు తెలియదు. అతికింది. అతుకు దగ్గర తప్ప మిగతాచోట్లంతా ఆ బోర్డు మళ్లీ విరిగిందని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

అదే మనిషి కొత్తది చేయమంటే మాత్రం బోల్తా పడింది. ఈ సీమలో ట్యాంకు చేసినవాళ్లెవరైనా ఆ తప్పే చేస్తారు. ఇక్కడ నీళ్లు బయటికి పోకూడదు, ఎండకు పగలకూడదు, మేడ మీద ఇరవై ఏళ్లు కూర్చోవాలి. అందుకని థర్మాకోల్ దిమ్మ మీద ఫైబర్ గుడ్డ ఐదు పొరలు వేసి, రెజిన్ జిగురు దట్టంగా పూసి ఇచ్చింది. ఇద్దరు మోస్తేగానీ లేవలేదట. "అది నీళ్లల్లో తేలింది సార్, తేలకేమి. కానీ ఇంటి వాకిలి తలుపు మాదిరి ఉండాది, కదలదు" అని తనే నవ్వుతుంది. ఆ తర్వాత మొదటిసారి సముద్రం చూడడానికి పోయింది. అప్పటికి ఆమెకు నలభై ఒకటి. మూడు రోజులు ఒడ్డున కూర్చొని, ఎవరు ఎట్లా పడుకుంటున్నారు, ఎట్లా లేస్తున్నారు, ఎవరి బోర్డు ఎంత మునుగుతోంది, అదే చూసింది. అలల అందం గురించి అడిగితే, ఉప్పుగాలికి రెజిన్ ఆరదని చెబుతుంది.

ఆ మూడు రోజుల్లో ఆమెకు ఒక విషయం తెలిసింది. కుర్రవాళ్లకు దుకాణంలో దొరికే ఏ బోర్డయినా సరిపోతుంది. తంటా అంతా నలభై దాటినవాళ్లదే. వాళ్లు ఇరవై ఐదేళ్లప్పటి కొలతే కావాలంటారు. ఒళ్లు మారింది, బోర్డు మారలేదు. అప్పటినుంచి నలభై దాటినవాళ్లకు తప్ప చేయదు.

ఇంత తెలిసిన మనిషికి నేను ఫోన్ చేసి ఏం చెప్పాను? ఆరడుగుల ఆరంగుళాల బోర్డు కావాలన్నాను. బరువు డెబ్బై నాలుగన్నాను. వయసు నలభై ఐదన్నాను. ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు నీళ్లలో తేలే వస్తువుల పాఠం చెబుతున్నవాణ్ణి, బరువు ఎంతో అన్ని నీళ్లు పక్కకు జరగాలని నల్లబల్ల మీద బొమ్మలేసి మరీ చెప్పేవాణ్ణి. ఒక ఆడమనిషి ముందు పొట్ట ఒప్పుకోవడానికి సిగ్గుపడి ఆ శాస్త్రాన్నే ముంచాను.

ఆమె నా మాటకు ఇంకొంచెం కలిపి, ఏడడుగుల రెండంగుళాలకు దిమ్మ కోసి, నున్నగా చెక్కి, సెప్టెంబరులో రమ్మంది. కాటా మీద ఎక్కిస్తుందని ముల్కి పెద్దాయన ముందే హెచ్చరించారు. నేను మూడు రోజులు రాత్రిపూట భోజనం మానేశాను. ఆరోజు పొద్దున మంచినీళ్లు కూడా ముట్టకుండా బస్సెక్కాను.

షెడ్డులో అడుగుపెట్టానో లేదో, ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. అంతే, చేతిలోని ఎమరీ పేపరు కింద పెట్టింది.

"ఎనభై ఆరు" అంది.

"ఏంటమ్మా?"

"మీ బరువు సార్. కాటా ఎక్కండి, చూస్తాం."

కాటా ఎనభై మూడున్నర చూపించింది. నేను విజయగర్వంతో తలెత్తాను. ఆమె ఎండిపోయిన నా పెదవుల వంక చూసింది.

"తిన్యారా పొద్దున?"

నేను కాటా దిగి చెప్పులు వెతుక్కున్నాను.

"మా నాయన కాలంలో సంతలో జీవాలకు నీళ్లు తాపి బరువు పెంచేవాళ్లు సార్. మీరు కడుపు మాడ్చుకొని తగ్గించుకొచ్చినారు. మీరు సముద్రానికి పస్తుతో పోతారా, ఇడ్లీ తిని పోతారా?"

"తినే పోతాను."

"అట్లయితే ఎనభై ఆరే."

నాకు తల కొట్టేసినట్లయింది. అంతకంటే పెద్ద దెబ్బ ఆ వెంటనే తగిలింది. చెక్కి ఉంచిన దిమ్మను ఆమె గోడ వైపు తిప్పి పెట్టింది. చెక్కిన థర్మాకోల్‌ను ఇంకా చెక్కగలరు గానీ, తిరిగి కలపలేరు. రెండు వారాల పని పోయింది. దసరా సెలవులకు ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

"ఇదే ఇవ్వమ్మా, ఎట్లాగో సర్దుకుంటాను" అన్నాను. అన్నప్పుడు నా గొంతు నాకే దీనంగా వినిపించింది. రెండేళ్లుగా నిలబడలేకపోతున్న సంగతి, ఇదే ఆఖరుసారి అనుకున్న సంగతి అప్పుడు చెప్పాను. ముందే చెప్పి ఉంటే పోయేది.

ఆమె కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. తెచ్చుకుంది కూడా. "ఇంత చదువుకున్యారు, ఈ ముక్క ఫోన్లో చెప్పేకి ఏం రోగం సార్ మీకు?" అంది. తర్వాత నేల మీద పట్ట పరిచింది. "బోర్లా పండుకోండి. నేను సై అన్నప్పుడు లేసి నిలబడండి."

మొదటిసారి పంతంగా ఎగిరి లేచాను. "భలే" అంది. రెండోసారి, మూడోసారి బాగానే లేచాను. చాలనుకున్నాను. ఆమె పదిసార్లు లేపింది. ఐదోసారికి కుడిమోకాలు నేలకు ఆనింది. ఎనిమిదోసారికి రెండు మోకాళ్లూ ఆనించి, చేత్తో తొడ పట్టుకొని లేచాను. షెడ్డు నేల మీద చెమటతో, దుమ్ముతో, యాభై మూడేళ్ల లెక్చరర్ని. బయట గూడ్స్ బండి తుడుస్తున్న తిప్పేస్వామి మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు.

"మొదటి మూడూ మీ రోషంతో లేసినారు సార్. నాకు కావాల్సింది ఎనిమిదోది. ఆడ నీళ్లల్లో మీకు వచ్చేది ఎనిమిదోదే" అంది కమలాక్షి. పట్ట మీద నా మోకాలు ఆనిన చోట సుద్దతో గీత గీసింది. అక్కణ్ణుంచి నా ఛాతీ ఉన్నచోటికి జానతో కొలిచింది. భుజం పట్టుకొని చెయ్యి ఎంత వెనక్కి పోతుందో చూసింది. "వెడల్పు బాగా పెంచితే మోకాలికి సుఖం. కానీ ఈ భుజంతో మీ చెయ్యి నీళ్లకు అందదు. అందుకని వెడల్పు కొంచెం, మందం ఎక్కువ, అదీ ఛాతీ కింద. అంచులు పల్చన చేస్తా, పట్టుకునేకి వీలుగా. ఎనిమిదడుగుల రెండంగుళాలు. అరవై ఆరు లీటర్లు."

"లీటర్లు ఎట్లా లెక్కేశావమ్మా?"

"పదహారేళ్లు ట్యాంకులు చేసినా సార్. లీటర్ల లెక్క నాకు చెప్పాల్నా?"

ఎనిమిదడుగులంటే నాకు మనసు చివుక్కుమంది. అది నేర్చుకునేవాళ్లకిచ్చే పొడవు. ముల్కి కుర్రవాళ్లు నవ్వుతారన్నాను. "నిలబడినోళ్లను చూసి ఎవరూ నవ్వరు. పడినోళ్లను చూసి నవ్వుతారు. ఈ రెండేండ్లూ నవ్వలేదా?" అంది. నవ్వారు.

ఆ పద్దెనిమిది రోజుల్లో ఆమె వేరే పని పక్కనపెట్టింది. నేను రెండుసార్లు పోయి చూశాను. వేడితీగతో దిమ్మ కోసింది. మధ్యలో నిలువునా సన్నని చెక్కపట్టీ అతికించి, దాని మీద పెన్సిల్‌తో పొడవు, వెడల్పు, మందం, నా పేరు రాసింది. పక్కనే ఎనభై ఆరు, యాభై మూడు అని కూడా రాసింది. అది తుడవమని బతిమాలాను. రెజిన్ పోస్తే ఆ అంకెలు అద్దంలోలా ఎప్పటికీ కనిపిస్తాయి మరి. వినలేదు. పైసారి మారిస్తే ఏం మార్చాలో తనకు తెలియొద్దా అంది. ఇంకో పదేళ్లకు నేను మళ్లీ బోర్డు చేయించుకుంటానని ఆమె అంత మామూలుగా అనేస్తుంటే నేను అంకెల గొడవే మరిచిపోయాను.

దసరాకు తిప్పేస్వామి గూడ్స్ బండిలోనే ముల్కి పోయాం. అంతకుముందే చేసిన ఇంకో ముగ్గురి బోర్డులు కూడా అందులోనే ఉన్నాయి. కొత్త బోర్డు మొదటిసారి నీళ్లలో దిగేటప్పుడు వీలైనంతవరకు కమలాక్షి దగ్గరుంటుంది. అది మర్యాద కోసం కాదు. ఎంత మునుగుతుందో కళ్లారా చూసుకోవాలి ఆమెకు.

పొద్దున ఏడు గంటలకు, ఇడ్లీ తిని, నీళ్లలో దిగాను. బోర్డు మీద పడుకోగానే తేడా తెలిసింది. పాత బోర్డు నన్ను మోయడానికి కష్టపడేది. ఇది ఊరికే మోసింది. భుజం నొప్పి పెట్టకముందే లోపలికి చేరాను. మొదటి అలను వదిలేశాను, భయపడి. రెండో అల ఎత్తగానే పాత రోషంతో ఎగిరి లేవబోయి, తలకిందులుగా పడ్డాను. ఉప్పునీళ్లు ముక్కులోకి పోయాయి. ఒడ్డున కుర్రవాళ్లు ఇద్దరు నవ్వుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను.

ఒడ్డు నుంచి కేక వినిపించింది. "సార్! ఎగరొద్దండి! ఎనిమిదోదాని మాదిరి లేయండి!"

మూడో అల వచ్చింది. ఈసారి నేను ఎవరికీ ఏమీ చూపించదలుచుకోలేదు. కుడిమోకాలు ఆనించాను. బోర్డు మీద సరిగ్గా అది ఆనాల్సిన దగ్గర చోటుంది. అటూ ఇటూ ఊగలేదు. చేత్తో తొడ పట్టుకున్నాను. ఎడమకాలు ముందుకు పెట్టాను. ఇంత ఆలస్యంగా లేచినా అల నన్ను వదిలి పోలేదు, కిందే ఉంది. లేచి నిలబడ్డాను.

అంత అనాకారిగా ఎవరూ నిలబడి ఉండరు. మోకాళ్లు వంగి, చేతులు చాచి, నోరు తెరుచుకొని. కానీ నిలబడ్డాను. ఆ అల నన్ను తీసుకొచ్చి, మోకాటిలోతు నీళ్ల దాకా దింపి పోయింది.

ఒడ్డుకు నడిచొచ్చేసరికి నాకు కన్నీళ్లు ఆగడం లేదు. ముఖమంతా నీళ్లే కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాను. కమలాక్షి చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉంది. నా ముఖం చూడలేదు. వంగి బోర్డు తోక వైపు చూసింది, అంచు మీద వేలు పెట్టి రాసింది.

"ఏమ్మా, చూసినావా?" అన్నాను. నాకూ మా ఊరి మాటే వచ్చింది.

"చూస్తి. మోకాలు నొస్తాండాదా?"

"లేదు."

"భుజం?"

"లేదమ్మా."

"మరి ఇంక ఈడేం చేస్తాండారు సార్? పోండి, మళ్లా పోండి" అంది.

నేను బోర్డు చంకన పెట్టుకొని సముద్రం వైపు తిరిగాను.