అమ్మ దాచుకున్న గడ్డ

ఆదివారం ఉదయం చర్చికి తయారవుతూ జాకెట్టు హుక్కులు పెట్టుకుంటుంటే ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నాకప్పుడు నలభై మూడేళ్లు. మా అమ్మ పోయింది కూడా ఆ వయసులోనే. ఆ రోజు చర్చిలో ఒక్క మాటా నా చెవికెక్కలేదు.

జగ్గయ్యపేటలో టీచర్ని. మర్నాడు సెలవు పెట్టి మా ఆయనతో విజయవాడ వెళ్లాను. డాక్టర్‌గారు మామోగ్రామ్, బయాప్సీ రాస్తూ అడిగారు: "మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందామ్మా?"

"మా అమ్మకండీ."

"ఏ స్టేజ్‌లో బయటపడింది?"

నాకు తెలియదు. అమ్మ పోయేనాటికి నాకు పదేళ్లు. తర్వాత ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ ఎత్తలేదు. అది వస్తే ఇక బతకరని నాకు నేనే అనుకున్నాను.

వారానికి రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. "స్టేజ్ టూ. ముందు సర్జరీ, తర్వాత కీమో. నయమయ్యే అవకాశం బాగా ఉందమ్మా," అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎలాగూ పోయేదాన్ని, కోయించుకోవడం దేనికనిపించింది.

మర్నాడు ముక్త్యాలలో ఉన్న పెద్దమ్మ దగ్గరికెళ్లాను. అమ్మకి సొంత అక్క. నా రిపోర్టు సంగతంతా చెప్పి అడిగాను.

"అమ్మకేమైందో ఉన్నదున్నట్టు చెప్పు పెద్దమ్మా."

ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "గడ్డ ఉందని ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదే. సిగ్గుపడింది. పుండై వాసనొస్తుంటే అప్పుడు నాకు చూపించింది. ఆస్పత్రికి తీసుకెళ్తే ఆపరేషన్‌కి లేటైపోయిందన్నారు. నువ్వు మర్నాడే చూపించుకున్నావుగా! దానికీ నీకూ పోలికేంటే?"

ఇద్దరం ఏడ్చాం. తిరిగొచ్చే బస్సులోంచే మా ఆయనకి ఫోన్ చేసి, సర్జరీకి డేట్ అడగమన్నాను.

సర్జరీ బాగానే జరిగింది. రెండో కీమో తర్వాత రక్తంలో తెల్లకణాల కౌంట్స్ పడిపోయి, జ్వరంతో ఐదు రోజులు వార్డులో ఉన్నాను. జుట్టంతా రాలిపోయింది. భయపడ్డాను గానీ, మానేస్తానని మాత్రం అనలేదు.

నందిగామలో ఉండే మా చెల్లి మామోగ్రామ్ చేయించుకోమంటే ఆరు నెలలు తప్పించుకుంది. చివరికి పెద్దమ్మ చెప్పిందంతా దానికీ చెప్పాను. "అమ్మ ఏడాది ఎలా ఓర్చుకుందే అక్కా?" అంది. ఆ వారమే నాతో టెస్టుకొచ్చింది. దానికేమీ లేదన్నారు.

ఇప్పటికి మూడేళ్లు. రోజుకో టాబ్లెట్, ఆరు నెలలకో చెకప్. బడికెళ్తున్నాను. చెకప్ ముందు రెండు రోజులు అన్నం సహించదు, అది ఇంకా పోలేదు.

నేను చెప్పేది ఒక్కటే. పెద్దవాళ్లు ఉండగానే అడగండి: ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఏ వయసులో, ఎన్నాళ్లకి డాక్టర్‌కి చూపించారు. రాసిపెట్టుకోండి. మా అమ్మాయి కోసం నేనూ రాశాను, అమ్మమ్మ సంగతీ నా సంగతీ, ఏదీ దాచకుండా.