ఫ్యాన్ రెక్కల మీది బురద

మా ఉస్తాద్ పోయిన సంగతి నాకు డీజిల్ బంకులో తెలిసింది. బండికి డీజిల్ కొట్టించుకుంటుంటే పంపు దగ్గర మనిషి, "అన్నా, మీ ఉస్తాద్ పొద్దుగాల పోయిండట, తెల్వదా?" అన్నాడు. నమాజు చేసుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడట, ఇంట్లోంచి చాయ్ తెచ్చేలోపే అయిపోయిందట. నేను బండి తీశాను. అర కిలోమీటరు పోయాక గాని ట్యాంకు మూత బంకులోనే మరిచిపోయానని గుర్తు రాలేదు. ఆయనే ఉంటే నన్ను చెడామడా తిట్టేవాడు. మూత లేని ట్యాంకులోకి దుమ్మూ నీళ్లూ పోతాయి, అవి పంపులోకి పోతాయి, ఆ తర్వాత ఆ పంపును బాగుచెయ్యడం ఎవరి తరమూ కాదు. వెనక్కి వెళ్లి మూత తెచ్చుకున్నాను. కళ్లలో నీళ్లు అప్పుడు వచ్చాయి.

బూర్గంపాడులోకి వస్తుంటే కుడిచేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అందులో ఆయన ఇరవై ఏళ్లకు పైగా డీజిల్ జీపులు, పికప్ బండ్లు బాగుచేశాడు. అడవి ఊళ్లకు తిరిగే బండ్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ బానెట్ ఎత్తినవే. ఊరంతా ఆయనను ఉస్తాద్ అనే పిలిచేది. నేనూ అంతే. పేరు రాస్తే ఎవరో పరాయి మనిషి గురించి రాస్తున్నట్టు ఉంటుంది కాబట్టి ఇక్కడా ఉస్తాద్ అనే రాస్తాను.

ఎనభైల చివర నేను తల్లాడ దగ్గర మా ఊరు వదిలి బూర్గంపాడులో మా మేనమామ దగ్గరకు చేరాను. వరసగా రెండేళ్లు పంట పోయింది. ఆ తర్వాత మామయ్య పెట్టించిన ఎరువుల కొట్టునూ నేను నిలబెట్టలేకపోయాను. ఇంట్లో భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. చివరికి ఆయన ఒక పాత డీజిల్ పికప్ కొని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఉప్పూ పప్పూ బట్టలూ వేసుకుని అడవి ఊళ్ల సంతలకు పోవాలి. వచ్చేటప్పుడు చింతపండూ చీపుర్లూ తేవాలి. "అల్లుడూ, ఇది నీకు మూడో పని. దీన్ని కూడా పాడుచేశావంటే నాలుగోది నా దగ్గర లేదు" అన్నాడు. మామయ్య అనవసరంగా మాట్లాడే మనిషి కాదు. అన్నాడంటే అన్నట్టే.

బండితో పాటు ఇంగ్లీషులో ఒక పుస్తకం వచ్చింది. మొదటి రోజు షెడ్డులో కూర్చుని నా చదువు చూపించుకుందామని ఉస్తాద్‌కు అందులోది చదివి చెప్పాను. నాలుగు సిలిండర్లు, అరవై రెండు గుర్రాల బలం, సిలిండర్‌లోకి వచ్చిన గాలిని ఇరవై రెండో వంతుకు నొక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది, ప్లగ్గు నిప్పురవ్వతో పనిలేదు. ఆయన బీడీ పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"అరవై రెండు గుర్రాలా? శీతకాలం పొద్దుగాల రా బేటా, ఒక్క గుర్రం లేస్తదేమో చూద్దాం" అన్నాడు.

నిజంగానే ఆ జనవరిలో బండి లేవలేదు. హీటర్ ప్లగ్గులు రెండు కాలిపోయి ఉన్నాయి. గాలి చల్లగా ఉంటే ఎంత నొక్కినా చాలినంత వేడి పుట్టదని, ఆ వేడి కొంచెం ముందుగా అందించడమే హీటర్ పని అని ఆయన నాకు అప్పుడు చెప్పాడు. పుస్తకంలో ఉన్నది ఆయనకు ముందే తెలుసు. నాకే తెలియదు.

ఆయన నేర్పినవన్నీ ఇలాగే చేతి పనిలోంచి వచ్చాయి. పొగను చూసి జబ్బు చెప్పేవాడు. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ పడుతోందనో గాలి చాలడం లేదనో, నీలంగా వస్తే ఇంజనాయిల్ తింటోందని. ఇంజను వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే నీళ్లు సిలిండర్‌లోకి దిగుతున్నాయేమోనని ముందు రేడియేటర్ మూత వైపు చూసేవాడు. కొత్త బంకులో కొట్టించిన డీజిల్ కొంచెం గాజు సీసాలో పోసి కిటికీలో పెట్టి చాయ్ తాగేవాడు. నీళ్లుంటే చాయ్ అయ్యేలోపు అడుగున చేరేవి. రేడియేటర్‌లో వాగు నీళ్లు పోస్తే ఒప్పుకునేవాడు కాదు. "గా నీళ్లల్ల మన్ను ఉంటది, సుద్ద ఉంటది. సన్న నరాలు పూడుకపోతయి" అనేవాడు. ఆయన మాట ఒకటి ఇప్పటికీ నా నోట్లో ఉంది. "డీజిల్ ఇంజన్ మనల్ని అడిగేది మూడే. సాఫ్ గాలి, సాఫ్ డీజిల్, చల్లటి నీళ్లు. గివి ఇయ్యి, నీ పిల్లల్ని గూడ మోస్తది."

మా వైపు బండి నడిపేవాళ్లకు ఇంకో అలవాటు ఉంది. వానాకాలం అడవి రోడ్డు మీద వాగులు దాటాలి. నీళ్లలోకి దిగే ముందు ఫ్యాన్ బెల్టు విప్పేస్తాం. లేకపోతే తిరిగే ఫ్యాన్ నీళ్లను చిమ్మి గాలి గొట్టంలోకి కొడుతుంది, ఒక్కోసారి రెక్క వంగి రేడియేటర్‌నే కోస్తుంది. గట్టెక్కగానే మళ్లీ బెల్టు వెయ్యాలి, ఎందుకంటే నీళ్ల పంపు తిరిగేదీ ఆ బెల్టుతోనే. ఉస్తాద్ దీనికి ఒక రూలు పెట్టాడు. విప్పిన బెల్టు సీటు కింద పెట్టొద్దు, మెడలో వేసుకోవాలి. "మెడల ఉంటే మర్చిపోవు. సీటు కింద ఉన్నదాన్ని ఎవడు యాది పెట్టుకుంటడు?" నా దగ్గర బండి ఉన్న మొదటి ఏడాదంతా అలాగే చేశాను.

రెండో వానాకాలంలో తప్పు చేశాను. అప్పటికి నెల కిందటే ఉస్తాద్ సిలిండర్ల మీద మూతలా ఉండే ఇంజను హెడ్డు విప్పి, సందు లేకుండా నడుమ కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాడు. ఆ రోజు నేను కొత్త తెల్ల చొక్కా వేసుకున్నాను. వాగు దగ్గర బెల్టు విప్పి, మెడలో వేసుకుంటే నల్ల మరక పడుతుందని సీటు కింద పెట్టాను. గట్టెక్కాక సంతకు పోయేవాళ్లు నలుగురు ఎక్కారు. మాటల్లో పడి బండి పోనిచ్చాను. బెల్టు లేకపోతే డైనమో తిరగదు, ఛార్జింగ్ ఎర్రలైటు వెలగాలి. ఆ బల్బు ఎప్పుడో పోయింది, మార్చమని ఉస్తాద్ రెండుసార్లు చెప్పాడు, నేను మార్చలేదు. ఎత్తు ఎక్కుతుంటే బండి బలం తగ్గింది, తెల్లపొగ వచ్చింది, ఇంజను పట్టేసింది. బానెట్ ఎత్తి చూస్తే బెల్టు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఎక్కినవాళ్లు సంచులు దింపుకుని నడిచిపోయారు. నేను ఇంజను చల్లారేదాకా ఆగి బెల్టు తెచ్చి బిగించాను. బాగవుతుందని కాదు, మామయ్య చూస్తాడని. కబురు అంది ఆయన ట్రాక్టర్ తెచ్చి బండిని షెడ్డు దాకా లాగించేలోపు నా అబద్ధం తయారైంది. "హెడ్డు సరిగా బిగించినట్టు లేదు మామయ్యా" అన్నాను.

షెడ్డు ముందు మామయ్య ట్రాక్టర్ మనిషిని పంపించే పనిలో ఉండగా ఉస్తాద్ బానెట్ ఎత్తాడు. కాసేపు చూశాడు. తిరిగి నా వైపు చూశాడు, నా మొహం కాదు, నా చొక్కా కాలరు. అది తెల్లగా మెరుస్తోంది. చేతిలోని వేస్టు గుడ్డతో ఫ్యాన్ రెక్కలు ఒక్కొక్కటే తుడిచాడు. వాటి మీద వాగు బురద ఎండి పొక్కులు కట్టి ఉంది. తిరిగే ఫ్యాన్ మీద బురద నిలవదు, మొదటి నిమిషంలోనే చిమ్ముకుపోతుంది. ఆ బురదే నా సంగతంతా చెప్పేసింది.

మామయ్య వచ్చి, "నెల కాలేదు నువ్వు హెడ్డు బిగించి. ఏంటి ఉస్తాదూ ఇది?" అని గట్టిగా అడిగాడు.

"నా బిగింపులనే ఫరక్ వచ్చింది సేట్. తప్పు నాదే. మళ్ల నేనే చేసిస్త" అన్నాడు.

మర్నాడు నేను ఒక్కడినే వెళ్లాను. హెడ్డు బల్ల మీద ఉంది, స్టీలు స్కేలు పెట్టి ఎక్కడ వంగిందో చూస్తున్నాడు. రెండో సిలిండర్‌కూ మూడో సిలిండర్‌కూ మధ్య గ్యాస్కెట్ మాడిపోయింది. నేను నిలబడే ఏడ్చాను. మామయ్యకు ఇప్పుడే చెప్పేస్తానన్నాను.

"చెప్తే చెవి గుంజుకుంటడు. బండి తాళంచెవి" అన్నాడు ఉస్తాద్. "గప్పుడు నువ్వేం జేస్తవ్, నీ పిల్లలేం దింటరు? నాదేముంది, హెడ్డు విప్పేది, బిగించేది. రోజూ అదే పని కద."

"మీ పేరు పోతది ఉస్తాద్."

"నా పేరు ఒక్క హెడ్డుతోటి పోయేటిదైతే పోనియ్. నేనున్నన్ని రోజులు చెప్పకు. చెప్తే నేను నీ మామకు అబద్ధం ఆడినట్టయితది."

ఆ తర్వాత తనే డాష్‌బోర్డు విప్పి ఛార్జింగ్ బల్బు మార్చాడు.

తప్పు నాదే అన్న ఆ ఒక్క మాటకు ఆయన చాలా ఏళ్లు మూల్యం చెల్లించాడు. మా మామయ్య దుర్మార్గుడు కాదు, కానీ మరిచిపోయే మనిషీ కాదు. "ఉస్తాద్ చేతికి వయసొచ్చింది" అని ఎక్కడ కూర్చుంటే అక్కడ అనేవాడు. అది విని కొందరు బండ్లు కొత్తగూడెం తీసుకుపోయారు. ఉస్తాద్ చెవిన పడినా నవ్వి ఊరుకునేవాడు. నేను తల దించుకునేవాణ్ణి. ప్రతి ఏడూ తొలి వానకు వాగు దాటి తిరిగొస్తుంటే షెడ్డు ముందు నన్ను ఆపి, "కాలర్ చూపియ్" అనేవాడు. నల్లగా ఉంటేనే పోనిచ్చేవాడు. ఉతకలేక మా ఆవిడ తిట్టని రోజు లేదు. ఆ ఇంజనుతోనే మా పిల్లలిద్దరూ చదువుకున్నారు. నేను అన్నం తిన్న ప్రతి పూటా ఆ మనిషి నాకు గుర్తొచ్చాడని చెప్పను, అది నిజం కాదు. కానీ వాగు దాటిన ప్రతిసారీ గుర్తొచ్చాడు.

మొన్న ఖబరస్తాన్‌లో మట్టి వేసి బయటికొచ్చాం. మామయ్య కర్ర పట్టుకుని నా పక్కనే నడుస్తున్నాడు. "మంచి మనిషిరా అల్లుడూ. మన బండి హెడ్డు ఒక్కటే ఆయన చేతిలో కుదరలేదు" అన్నాడు.

"ఆ హెడ్డు ఆయన తప్పు కాదు మామయ్యా. వాగు దాటాక నేను బెల్టు వెయ్యలేదు. నేనే కాల్చాను."

మామయ్య ఆగిపోయాడు. "ఆయనకు తెలుసా?"

"ఫ్యాన్ మీద బురద చూసి కనిపెట్టాడు."

"నేను చూళ్లేదే."

"మీరు వచ్చేలోపు తుడిచేశాడు."

మామయ్య నన్ను తిట్టలేదు. ఇంటి దారి వదిలి షెడ్డు వైపు నడిచాడు. నేను వెనక వెళ్లాను. షెడ్డు ముందు అడవి ఊరి జీపు ఒకటి బానెట్ ఎత్తి ఉంది. ముందురోజు సాయంత్రం లాక్కొచ్చారట, ఉస్తాద్ ఇంకా చెయ్యి పెట్టలేదు. పక్కన దాని డ్రైవరు గొంతుక్కూర్చుని ఉన్నాడు, ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. ఏమైందని మామయ్య అడిగితే, "ఏమో సారూ, ఉన్నట్టుండి పట్టేసింది" అన్నాడు. అంటున్నప్పుడు మా వైపు చూడలేదు. ఓనరు బస్సులో వస్తున్నాడని చెప్పాడు.

మామయ్య వంగి ఇంజనులోకి చూశాడు. బెల్టు బిగించే ఉంది. ఫ్యాన్ రెక్కల మీద బురద ఎండిపోయి ఉంది.

ఆయన కర్ర నా చేతికిచ్చి, భుజం మీది తెల్ల తువ్వాలు తీసి, రెక్కలు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. చివరి రెక్క దగ్గర ఉండగా రోడ్డు మీద బస్సు ఆగింది. మామయ్య తువ్వాలును బురద లోపలికి పోయేలా మడిచి, మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.