బడి మర్యాద, ఒడ్డు మర్యాద: వరహాలమ్మ టీచరు

మే నెల ఆఖరి వారంలో ఒక ఉదయం కంటి డాక్టరు దగ్గరకు వెళ్లడానికి అరసవల్లి కూడలిలో ఆటో ఎక్కాను. డ్రైవరు మా పాత విద్యార్థి. కొంత దూరం పోయాక వెనక్కి తిరగకుండానే, "మేస్టారూ, మీకు తెలిసిందా? మన టీచరమ్మ రాత్రి పోనారంట. ఇజీనారం నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. ఏ టీచరమ్మ అని నేను అడగలేదు. కళింగపట్నం అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పల్లెలో చదువుకున్న వాళ్లందరికీ టీచరమ్మ అంటే ఒక్కరే. డాక్టరు గోడమీది బోర్డు చదవమన్నాడు. పెద్ద అక్షరాలు కూడా చదవలేకపోయాను. చూపు బాగా తగ్గిందని ఆయన దిగులుపడ్డాడు. ఇంకోరోజు వస్తానని చెప్పి లేచి వచ్చేశాను.

వరహాలమ్మ టీచరు, నేను ఆ పల్లె ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. నేను ప్రధానోపాధ్యాయుణ్ణి, ఆమె సహాయోపాధ్యాయిని. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరం మేము. ఆమె స్వస్థలం విజయనగరం దగ్గర ఒక పల్లెటూరు. తండ్రి వరి, చోడి పండించే రైతు. భర్త జూట్ మిల్లులో గుమాస్తాగా ఉండి ముందే కాలం చేశారు. ఉద్యోగమున్నంత కాలం శ్రీకాకుళంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. రోజూ ఇద్దరం ఒకే బస్సులో వెళ్లి, ఒకే బస్సులో తిరిగి వచ్చేవాళ్లం. బస్సు దిగాక నేను టీ తాగి రోడ్డున వచ్చేవాణ్ణి, ఆమె దగ్గర దారిన ముందే బడికి చేరేవారు. దారిలో ఆమె ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆమె అందరికీ ప్రీతిపాత్రురాలని రాయడం ఇలాంటి సందర్భాలలో ఆనవాయితీ. అది నిజం కాదు. ఆమె కటువుగా ఉండేవారు. మెచ్చుకోలు ఆమె నోట అరుదుగా వచ్చేది. నా హాస్యోక్తులకు ఒక్కసారైనా నవ్విన గుర్తు లేదు. ఆమె పట్ల గౌరవం నాలో నెమ్మదిగా, కొన్ని సంఘటనల వల్ల ఏర్పడింది. వాటిలో కొన్నిటిని నా దినచర్య పుస్తకాల ఆధారంగా ఇక్కడ రాస్తున్నాను.

ఒకటో తరగతిలో ఎవరైనా ముందు అక్షరాలు దిద్దిస్తారు. ఆమె జూన్ నెల మొదటి వారమంతా పలక పట్టనిచ్చేవారు కాదు. గదిలోకి రావడం, కూర్చోవడం, ఇంకొకరు మాట్లాడుతుంటే ఆగడం, నీళ్ల కుండ దగ్గర వంతు కోసం నిలబడటం, పక్కవాడి పలక కావాలంటే అడిగి తీసుకోవడం, ఇవే పాఠాలు. వాటిని చెప్పి నేర్పేవారు కాదు, చేసి చూపించేవారు. పిల్లలందరినీ లోపల కూర్చోబెట్టి, తాను బయటికి వెళ్లి గడప దగ్గర నిలబడి, "లోపలికి రావచ్చునా?" అని వాళ్లను అడిగేవారు. పిల్లలు "రండి!" అని అరిస్తే వచ్చేవారు. ఒక ఏడాది ఒక చిన్నది, పేరు నూకాలు, "రావొద్దు!" అంది. మిగతావాళ్లు పకపకా నవ్వారు. టీచరు నవ్వలేదు, లోపలికి రాలేదు. అక్కడే ఎండలో నిలబడి ఉన్నారు. నేను పక్క గదిలోంచి చూస్తున్నాను. నవ్వులు ఆగిపోయాయి. నూకాలు ముఖం వాడిపోయింది. "ఒసే, రమ్మని సెప్పవే, టీచరమ్మకి ఎండ కొట్టేస్తన్నాది" అని పక్కపిల్ల మోచేత్తో పొడిచింది. చివరికి నూకాలు లేచి గడప దగ్గరకు వెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

ఆ సాయంత్రం బస్సులో, పిల్లల చేత అలా నిలబెట్టించుకోవడం బాగుందా అని అడిగాను. "అడగడమంటే వద్దన్న మాట వినడానికి సిద్ధపడటం మాస్టారూ. వద్దంటే ఆగనివాళ్లు అడిగినట్టు నటిస్తున్నారంతే" అన్నారు.

మా పిల్లల గొంతులు పెద్దవి. సముద్రపు హోరులో, తెరచాప గాలిలో, చేపల వేలంపాటల్లో మాటలు నేర్చినవాళ్లు మెల్లగా ఎలా మాట్లాడతారు? ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి చెవులు మూసుకుని, "ఇది బడా, చేపల బజారా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. టీచరు మాత్రం, "బజారులో పెరిగిన పిల్లలండి. ఆ గొంతు లేకపోతే వీళ్ల అమ్మలు చేప అమ్ముకోలేరు. దాన్ని తీసెయ్యను. ఇంకొక గొంతు చేరుస్తాను" అన్నారు. నిజంగానే పిల్లలను ఒడ్డుకు తీసుకెళ్లి దూరంగా నిలబెట్టి పిలిపించేవారు. తరువాత గదిలోకి తెచ్చి అదే మాట పక్కవాడికి మాత్రమే వినబడేలా చెప్పించేవారు. వాటికి ఒడ్డు గొంతు, గది గొంతు అని పేర్లు పెట్టారు. ఎవడైనా కేకవేస్తే పిల్లలే, "ఒరే, అది ఒడ్డు గొంతురా!" అని దిద్దేవారు.

ఇప్పుడు రాయబోయేది ఈ సంస్మరణకు అసలు కారణం. రాష్ట్రం విడిపోవడానికి కొంత ముందు జరిగింది. పిల్లలు తగ్గిన బళ్లను దగ్గరి బళ్లలో కలిపేస్తారని అప్పుడే గట్టిగా వినబడుతోంది. ప్రైవేటు బడి పసుపు వ్యాను మా పల్లె మొగదలకు వచ్చి హారను కొట్టి పోతుండేది. ఉన్న పిల్లలు చెదిరితే మా బడి మూతపడుతుంది. మేము ఇంకొక చోటికి బదిలీ అయి జీతాలు తీసుకుంటాం. ఆ పల్లె పిల్లలకు మాత్రం రోడ్డు దాటి చాలా దూరం నడవడమో, చదువు మానడమో మిగులుతుంది. ఇది మా ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్న భోజనం దగ్గర ఆమె పెట్టిన నియమం, చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు వెనుక, టీచర్లు ఆఖరున. నాలుగో తరగతి కోదండ ఒకరోజు చిన్నపిల్లలను తోసుకుంటూ ముందుకు వచ్చాడు. వాడు తండేలు ఎర్రయ్య మనవడు. తండేలంటే పడవకు పెద్ద. సముద్రం మీద ఆయన మాటే మాట, ఒడ్డుమీద కూడా ఇంచుమించు అంతే.

"వెనక్కి వెళ్లి నిలబడు" అన్నారు టీచరు.

"నానెందుకెల్తాను? మా తాత తండేలు."

"మీ తాత ఇక్కడ తినడానికి వస్తే ఆయన కూడా నాతోపాటు ఆఖరునే."

పిల్లలు గొల్లున నవ్వారు. కోదండ ఖాళీ కంచం పట్టుకుని ఇంటికి పోయాడు.

కాసేపటికి ఎర్రయ్య వచ్చాడు. ఆరడుగుల మనిషి, ఉప్పుగాలికి నల్లబడ్డ ఒళ్లు. నేరుగా తరగతిలో అడుగు పెట్టాడు. అంతే, పిల్లలంతా అలవాటుగా ఒక్క గొంతుతో, "తాతా, అడిగి రావాల!" అన్నారు. అతను అలాగే నిలబడిపోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అడిగి రావాలా? ఎవుల్ని అడగాల?" అన్నాడు. "టీచరమ్మా, మాకు మర్యాద నేర్పుతన్నావా? బస్సు దిగి దగ్గర దారని రోజూ మా వలలమీంచి సెప్పులతో నడిసొస్తన్నావు. ఆ వల మాకేటో నీకు తెలుసా? మా ఆడోళ్లు కూడా కాలెట్టరు. దానికి దణ్ణమెట్టి పడవెక్కుతాం. ఇన్నేళ్లూ, పోనీలే, పిల్లలకి సదువు సెప్తన్నాదని ఊరుకున్నాం. ఒక్కనాడైనా ఏటైనా అన్నామా? సెప్పు!"

టీచరు ఒడ్డు వైపు చూశారు. ఆమె ముఖం తెల్లబోవడం నేను అప్పుడే చూశాను. ఎర్రయ్య మనవడి సంచీ అందుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు బెంచీలు ఖాళీ. రోడ్డు వైపు రైతుల పిల్లలు కొందరు వచ్చారు, ఒడ్డు పిల్లలు ఒక్కరూ రాలేదు. పసుపు వ్యాను హారను ఆ రోజు ఎక్కువసేపు మోగింది. పంచాయతీ పెద్దలతో మాట్లాడదామనీ, అవసరమైతే పై అధికారికి రాద్దామనీ నేను అన్నాను. ఆమె అడ్డంగా తల ఊపారు. "తప్పు నాది. మధ్యలో పెద్దలెందుకు?" అని ఒడ్డుకు బయలుదేరారు. నేను వెంట వెళ్లాను.

ఎర్రయ్య, మరి కొందరు ఇసుకలో పరిచిన వల చుట్టూ కూర్చుని చిరుగులు అల్లుతున్నారు. టీచరు వల అంచుకు దూరంగా ఆగారు. చెప్పులు విడిచి ఒక పక్కన పెట్టారు. ఇసుక కాలిపోతోంది. "ఎర్రయ్యగారూ, దగ్గరకు రావచ్చునా?" అని అడిగారు.

ఎర్రయ్య తల ఎత్తలేదు. ఆమె కాళ్లు మార్చి మార్చి నిలబడ్డారు. చేపలు ఎండబెడుతున్న ఒకావిడ, "ఏటి టీచరమ్మా, అరికాళ్లు సుర్రుమంటన్నాయా?" అని వెటకారంగా అడిగింది.

"మంటగానే ఉంది" అన్నారు టీచరు.

"మరెల్లిపోవేం?"

"ఆయన రమ్మననూ లేదు, వద్దననూ లేదు."

అల్లుతున్న చేతులు ఆగాయి. ఎర్రయ్య పక్కవాడితో, "ఓరె, ఆ గోనె అలాగెయ్యి" అన్నాడు. టీచరు చుట్టూ తిరిగి వచ్చి దానిమీద కూర్చున్నారు. "మీ వలను రోజూ చూశాను. కానీ నాకు అది దారిలాగే కనబడింది. తప్పు చేశాను, క్షమించండి" అన్నారు. అంతకుమించి ఒక్క మాట తన తరఫున చెప్పుకోలేదు. కోదండ తప్పును ఎత్తలేదు. ఆ తరువాత, "ఒడ్డుమీద ఎలా మసలుకోవాలో నాకు తెలియదు. రోడ్డు వైపు నుంచి వచ్చే పిల్లలకూ తెలియదు. మీరు వచ్చి చెప్పాలి" అని అడిగారు.

"నానేటి సెప్తాను? అచ్చరం ముక్క రాదు నాకు."

"అక్షరాలు నేను చూసుకుంటాను."

ఎర్రయ్య మొదటిసారి ఆమెను తిన్నగా చూశాడు. "నువ్వు మొండిదానివే తల్లీ" అన్నాడు.

రెండు రోజులు పోయాక ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. గడప దగ్గర ఆగి, కాస్త సిగ్గుగా, "వచ్చీమంటారేటి?" అన్నాడు. పిల్లలు కోదండ వైపు చూశారు. వాడు, "రా తాతా" అన్నాడు.

ఆ పాఠం మొత్తం నా దినచర్యలో ఉంది. వలను దాటకూడదు, చుట్టూ తిరిగి పోవాలి. సముద్రం మీదకు వెళ్లేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు. తలమీద గంపతో వచ్చే ఆడమనిషికి దారి ఇవ్వాలి. పడవ ఒడ్డుకు వచ్చినప్పుడు ఎవరూ పిలవకపోయినా వెళ్లి ఒక చెయ్యి వెయ్యాలి. చివరలో ఎర్రయ్య టీచరును నిలబెట్టి ప్రశ్నలడిగాడు. తెలియక ఆమె ఏదో తప్పు చెబితే, "కూకో, మళ్లీ సదువుకుని రా" అన్నాడు. గది ఎగిరిపోయేలా నవ్వారు పిల్లలు. ఆ నవ్వు ఒడ్డు గొంతుదే. ఆమె వారించలేదు.

ఆ వారంలోనే పిల్లలు తిరిగి వచ్చారు. ప్రతి ఏడూ జూన్‌లో బడి మర్యాదతోపాటు ఒడ్డు మర్యాద కూడా పాఠమైంది. బడి నిలిచింది. ఆమె పదవీ విరమణ చేసి విజయనగరం వెళ్లిపోయాక కూడా ఆ మొదటి వారానికి తప్పకుండా వచ్చేవారు. జీతం లేదు, ఉత్తర్వు లేదు. పొద్దున్నే బస్సెక్కి శ్రీకాకుళం, అక్కణ్ణుంచి మరో బస్సు. పాతికేళ్లు పనిచేసిన నేను అలా ఒక్క ఏడైనా వెళ్లలేదు. ఎందుకింత శ్రమ అని ఒకసారి ఫోన్లో అడిగితే, "అక్షరాలు ఎవరైనా నేర్పుతారు మాస్టారూ. ఇవతలి మనిషి, అవతలి మనిషి ఒకరికొకరు అలవాటు కావాలి కదా, దానికి కాస్త టైము పడుతుంది" అన్నారు. ఆమె నాతో అన్న మాటల్లో ఇంత పొడుగుది ఇంకొకటి లేదు.

ఈ జూన్‌లో బడి తెరిచిన రోజున సంతాప సభ పెట్టారు. ప్రసంగాలు జరిగాయి. నేనూ మాట్లాడాను. సభ అయ్యాక ఎర్రయ్య నా దగ్గరకు వచ్చాడు. ఇప్పుడు అతను వేటకు వెళ్లడం లేదు, నడుం వంగింది. అతని చెయ్యి పట్టుకుని ఐదేళ్ల పిల్ల, కోదండ చిన్నాన్న కూతురు.

"మేస్టారూ, ఈ గుంటని బళ్లో ఎయ్యాల. జూన్‌లో టీచరమ్మ వస్తాది కదా, ఆయమ్మ సేతిలో ఎడదామని ఆగినాం. ఇప్పుడెవులికి అప్పసెప్పమంటారు?"

వరండాలో నిలబడి ఉన్న కొత్త టీచరును చూపించాను. చిన్న వయసు, కొత్తగా ఉద్యోగంలో చేరింది.

"మంచమ్మేనా?"

"మంచిదే. బాగా చదువుకుంది."

"మంచిదైతే సాలదు బాబూ. రేపు తప్పొకటి జరిగితే మా కాడికొచ్చి కూకుంటాదా?"

కొత్త టీచరు మా మాటలు వింటూనే ఉంది. నేను ఎవరి తరఫునా హామీ ఇవ్వలేకపోయాను. ఉన్న మాటే చెప్పాను, "తెలియదు ఎర్రయ్యా."

అతను చాలాసేపు ఆ కొత్త టీచరు వైపు చూశాడు. వరహాలమ్మ టీచరు పోయిన తరువాత ఆ ఒడ్డున ఖాళీ అయినదేమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ స్థానాన్ని ఏ నియామకపు ఉత్తర్వూ భర్తీ చెయ్యదు. ఆమె స్మృతికి చేతులు జోడించడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. ఎర్రయ్య వంగి మనవరాలి జుట్టు సరిచేశాడు. పసుపు వ్యాను ఊరి మొగదలలో హారను కొడుతోంది. అతను అటు చూడలేదు. "ఎల్లు తల్లీ" అని పిల్ల చెయ్యి వదిలాడు.