నాలుగు గంటలకొకసారి

1926 వానాకాలంలో నన్ను అరకు లోయలో ఒక ఏజెన్సీ డిస్పెన్సరీకి సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. డాక్టరని పిలిపించుకోగల సర్కారు ఉద్యోగాల్లో అన్నిటికన్నా కింది మెట్టు అదే. మన్యం జ్వరానికి క్వినైన్ ఇవ్వడం నా పని. రోజు విడిచి రోజు అదే జ్వరంతో నేనూ పడుకునేవాణ్ణి.

డిస్పెన్సరీ పక్కనే మిషన్ బడి. మాష్టారు దేవదానం పల్లపు ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఆయన భార్య కరుణమ్మకు తొలికాన్పు, మగపిల్లవాడు. కాన్పు సుఖంగా జరిగింది, అంటే నేను వెళ్లేసరికే అయిపోయింది. నా వంతుగా ఏదైనా చెయ్యాలి కనుక పాలిచ్చే వేళలు రాసిచ్చాను: నాలుగు గంటలకొకసారి, పది నిమిషాలు, మధ్యలో ఏడ్చినా ఎత్తుకోరాదు. ఆ రోజుల్లో మాకు నేర్పిన పాఠం అదే. దాన్ని పాటించడానికి గడియారం కావాలి. దురదృష్టవశాత్తూ మాష్టారింట్లో ఒకటుంది.

వాళ్ల పొరుగింటి సుక్రి కొండరైతు భార్య. చంకలో ఎనిమిది నెలల కూతురితో డిస్పెన్సరీ అరుగు దగ్గరికి వచ్చి మరీ అడిగింది.

"ఏటి బాబూ, గుంటడికి ఆకలేత్తే గడియారం సూసుకోవాలా?"

శాస్త్రం అలా చెప్పిందన్నాను.

"ఆ శాస్త్రం ఎంతమంది పిల్లల్ని కన్నాదేటి?"

ఉన్న ఓపిక జ్వరానికే చాలడం లేదు. దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

పదో రోజున మాష్టారు సంతోషంగా వచ్చాడు. "ఏడుపు మానేశాడండి. వేళలకు అలవాటు పడ్డాడు."

ఆ మాట వినగానే దుప్పటి తీసి లేచి వెళ్లాను. బిడ్డ కళ్లు గుంటలు పడ్డాయి. పొద్దుటి నుంచి గుడ్డ తడవలేదు. వాడు ఏడుపు మానలేదు, ఏడవడానికి ఓపిక లేక పడి ఉన్నాడు. కరుణమ్మ రొమ్ము పిండితే రెండు చుక్కలు వచ్చాయి. "నాకు పాలు లేవండి," అంది, నేరం ఒప్పుకుంటున్నట్టు. తాగే నోరు దూరమైతే పాలు తగ్గుతాయని నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆవుపాలు తెమ్మన్నాను. ఊరినిండా ఆవులే, కానీ కొండవాళ్లు పాలు పితకరు, ఆ పాలు దూడవే అంటారు. మా డిస్పెన్సరీ కాంపౌండరు స్వయంగా పితకబోయి, ఖాళీ చెంబుతో కుంటుతూ తిరిగొచ్చాడు. డబ్బాపాలు విశాఖపట్నం నుంచి ఎడ్లబండి మీద కొండదారి ఘాటీ ఎక్కి రావాలి. బిడ్డ అన్నాళ్లు ఆగేలా లేడు.

అప్పుడు సుక్రి ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చింది. బిడ్డను తీసుకుని, తన పాలు చుక్కచుక్కగా వాడి నోట్లో పిండింది. కొంతసేపటికి వాడు మింగాడు. తన కూతుర్ని కరుణమ్మ ఒళ్లో పెట్టింది.

"ఇది లాగితే రాకేటవుతాది? బెంగెట్టుకోకమ్మా."

మాష్టారు నన్ను పక్కకు పిలిచి, తమ చర్చి సంఘంలో తెలిస్తే ఏమంటారో అని నసిగాడు. సంఘానికి నచ్చజెప్పడానికి ఆయనకు చాలా ఏళ్లు ఉన్నాయనీ, బిడ్డకు లేవనీ చెప్పాను. నా అభిప్రాయం సుక్రి అడగలేదు. అడిగి ఉంటే, మా పుస్తకం ప్రకారం, వద్దనేవాణ్ణేమో.

మూడు రోజులు ఇద్దరు పిల్లలూ తల్లులు మారారు. నాలుగో రోజున కరుణమ్మ రవిక తడిసింది. ఆ కబురు నాకు మాష్టారి చేత పంపింది. ఆపైన బిడ్డ అడిగినప్పుడల్లా ఇచ్చింది. వారం తిరిగేసరికి వాడి ఏడుపు డిస్పెన్సరీలోకి వినిపించింది. మంచంలోంచే, ఎత్తుకోమని కేకేశాను.

తరువాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, పాలు లేవని ఏ తల్లి వచ్చినా, మందు రాసే ముందు ఒక్కటి అడిగేవాణ్ణి: ఏడ్చినప్పుడు బిడ్డను రొమ్ముకు పెట్టవద్దని ఎవరు చెప్పారని. చాలాసార్లు ఎవరో చదువుకున్నవాళ్లే చెప్పి ఉండేవారు.