తోడికోడళ్ల నడుమ నీలం తీగ

పోయిన వారం షుగరు పరీక్షకు దవాఖానకు పోతే, చీటీలు రాసే పిల్ల తల ఎత్తకుండనే, "సర్వర్ డౌనుంది ఆంటీ, జర కూసోండి" అన్నది. ఏడున్నదమ్మా ఆ సర్వరు అంటే, ఏమో, ఎక్కడ్నో ఉంటదట అని నవ్వింది. ఇదివరకైతే అక్కడే కొట్లాట పెట్టుకునేదాన్ని. ఆనాడు మాత్రం గోడకానుకొని కూసుంటే, మా పాత కంప్యూటర్ల గది కండ్ల ముందు మెదిలింది.

తెలంగాణ వచ్చిన కొత్తల నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆ గదిని నేనూ ఆపా చూసుకునేటోళ్లం. ఆపా అంటే ఉర్దూల అక్క, నేనట్లనే పిలుద్దును; నాకంటె పెద్దది, మహబూబ్‌నగర్ ఆడబిడ్డ. మొగుడు మంచాన పడ్డంక ఆ కాంట్రాక్టు నౌకరే ఆమె ఇంటికి ఆధారం. మా గదిల రెండు సర్వర్లు జోడుగా నడుస్తుండె, ఒకటి పడిపోతే రెండోది పని అందుకోవాలె. నడుమ ఒక నీలం కేబులు. దాని మీదనే అవి క్షణక్షణం ఉన్నవా అంటే ఉన్నానని పలకరించుకుంటయి. పలకరింపు ఆగిందంటే, అవతలిది సచ్చింది, ఇగ పెత్తనం నాదే అని రెండూ ఎగబడి, ఉన్న పని కాస్తా ఆపుతయి. మాటల్లేని తోడికోడళ్లను చూసినోళ్లకు ఇంతకంటె చెప్పనక్కర్లేదు.

ఆ యేడు ఆయుధపూజకు దవాఖాన నడిపే మా పెద్దసారు భక్తి పొంగి, మిషన్ల వెనుక నుంచి చుట్టి బంతిపూల దండ తన చేత్తోనే కట్టిండు. తెల్లారి దసరాకు మమ్ములనందరిని ఇండ్లకు తోలి, ఆపా ఒక్కతే డ్యూటీ చేసింది. సరిగ్గా ఆనాటి నుంచే ఏసీ దడదడలాడినప్పుడల్లా తీగ తెగినట్టయి, చీటీలు ఆగుడు షురువాయె. హైదరాబాదు కంపెనీ నుంచి ఫోన్ల చెప్పినాయన మాట విని సాఫ్టువేరు మళ్లా ఎక్కిస్తిమి, లాభం లేకపాయె. పెద్దసారు మాత్రం దసరానాడు గదిల ఎవరున్నరని ఒక్కటే అడిగి, ఆపానే ఏదో కదిలిచ్చిందని తేల్చి, వచ్చే నెలకు వేరే మనిషిని చూసుకుంటమన్నడు.

ఆపా ఏడ్వలే. ఇద్దరం మిషన్ల వెనుక దూరి, నేను లైటు పట్టి సారును తిట్టుకుంట, ఆమె నన్ను కసురుకుంట, కేబులును కొస దాకా తడిమినం. మిషను సందుల దాని కొస కూసున్నట్టే ఉన్నది గాని, పట్టి ఉంచే ప్లాస్టిక్ నాలుక విరిగింది. ఆ విరిగిన నాలుకకు దండ దారం చిక్కుకొని, ఎండిన బంతిరేకు ఒకటి ఇంకా ఏలాడుతాంది.

నేనూరుకుంటనా? సారును పిలుచుకొచ్చి, "తప్పు దండ కట్టిన చేతిదా సార్, డ్యూటీ చేసిన చేతిదా?" అని అడిగేసిన. "చుప్ గుండవే!" అని ఆపా నా కొంగు గుంజుతనే ఉన్నది. సారు ఆ రేకు దిక్కు చూసి చూసి, "తప్పు నాదే ఆపా" అన్నడు; అప్పటిదాకా ఆయన ఆమెను ఏ వరుసా పెట్టి పిలిచెరగడు. కొత్త కేబులు తనే పోయి తెచ్చిండు. ఆపా మాత్రం నీ నోరు నిన్ను ముంచుతదని బస్టాండు దాకా తిట్టి, మిర్చి బజ్జీలు కొనిచ్చింది.

ఇప్పుడా గదిల మందుల పెట్టెలు పెట్టిన్రట. మిషన్లేడనో, చూసేటోళ్లెవరో. ఏది ఆగినా ఎవరి మీదా నింద పడదు, మంచిదే, కాదనను. కాని నింద పడ్డ మనిషి పక్కన దూరి, తీగను చేతబట్టుకొని, ఇగో చూడు అని చూపెట్టేటందుకు ఒక జాగా అన్నది కూడా లేకపాయె.